లోపల ఒకరు

నేను ఒక గేటును. రెక్కలు తెరిచి మూసే గేటును కాదు. నడుమెత్తున మూడు ఇనుప చేతులుండి, మనిషి తోస్తే ఒక్కసారి తిరిగే గేటును. లోపలికి తిరిగితే ఒకటి కలుపుతాను. బయటికి తిరిగితే ఒకటి తీసేస్తాను. లోపల ఎందరున్నారో నా తల మీది పలకలో ఎర్ర అంకెలుగా కనబడుతుంది. నాకు వచ్చిన చదువు అంతే.

పట్నం శివారులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను అతికినవాడు వేలు కాల్చుకుని, తిట్టడం మాత్రం నన్ను తిట్టాడు. లారీలో రెండు రోజులు వచ్చి గుండాలమెట్ట బిలం ముందు దిగాను. కొండ కింద అరమైలు పోయే చీకటి గుహ అది. చూడడానికి జనం వస్తారు.

నాకంటే ముందు ఆ పని కాపలాదారు ఓబులేసు చేసేవాడు. లోపలికి పోయే ప్రతి మనిషి చేతిలో ఒక చింతగింజ పెట్టేవాడు. వచ్చేటప్పుడు దాన్ని కుండలో వేసిపోవాలి. సాయంత్రం ఒక్క గింజ తగ్గినా లాంతరు పట్టుకుని లోపలికి పోయి, "ఎవరన్నా ఉండారా? మూసేస్తాండా!" అని మూడుసార్లు పిలిచేవాడు. చాలాసార్లు ఆ గింజ ఎవరి జేబులోనో పడి ఊరికి పోయి ఉండేది. అయినా పోయేవాడు.

నేను వచ్చాక గింజలు మానేశారు. లోపలి దీపాలకు కూడా తెలివి పెట్టారు. మనిషి కదిలితే వెలుగుతాయి. కదలకపోతే ఆరిపోతాయి.

నాకొక లోపం ఉంది, దాచను. తండ్రి వేలు పట్టుకుని నడిచిపోయిన బిడ్డ, కాళ్లు నొప్పెట్టి చంకనెక్కి బయటికి వస్తుంది. పోయేటప్పుడు రెండుసార్లు తిరుగుతాను, వచ్చేటప్పుడు ఒకసారే. అందుకని సాయంత్రానికి పలక మీద ఒకటో రెండో మిగిలేవి. మేనేజరు శేషఫణి వాటికి చంకబిడ్డలని పేరు పెట్టాడు. "ఈ పొద్దు చంకబిడ్డలెందరబ్బా?" అని నవ్వి, మీట నొక్కి సున్నా చేసేవాడు. ఓబులేసు నవ్వేవాడు కాదు. లాంతరు తీసుకుని పోయి పిలిచే వచ్చేవాడు.

ఒకరోజు పట్నం నుంచి ముగ్గురు వచ్చారు. చూడదగ్గ చోట్ల యంత్రాలను ఎంత తెలివిగా వాడుతున్నారో పరీక్షించి మార్కులు వేసేవాళ్లు. వాళ్లలో పెద్ద వైదేహి మేడం. మనిషి చెయ్యి పడకుండా ఎంత పని జరిగితే అన్ని మార్కులు.

ఆ మధ్యాహ్నమే ఒక ముసలామె ఒక్కతే వచ్చింది. గంగులమ్మ అని తర్వాత తెలిసింది. నా ముందు నిలబడి చెయ్యి చాపింది.

"గింజ యాడప్పా?"

"ఇప్పుడు గింజల్లేవక్కా. ఈ గేటే లెక్క పెట్టుకుంటాది," అన్నాడు ఓబులేసు.

"ఇనుము మరిసిపోదు గదా?"

"నీకన్నా బాగానే గుర్తు పెట్టుకుంటాదిలే, పో."

ఆమె నవ్వుతూ నన్ను తోసింది. ఒకటి కలిపాను.

సాయంత్రం అందరూ వచ్చేశారు. పలక మీద ఒకటి నిలిచింది. ఓబులేసు లాంతరు ముట్టించాడు. శేషఫణి అడ్డం వచ్చాడు.

"యాడికి?"

"లోపల ఒకరుండారు సార్."

"చంకబిడ్డలే. మనిషి పోయి ఎతికితే ఇంక మిషనెందుకని మేడం రాసుకుంటాది. నీ నౌకరీ, నా నౌకరీ రెండూ పోతాయి. గమ్మునుండు."

ఓబులేసు నా పలక మీది ఒకటి వైపు చూశాడు. తర్వాత లాంతరు ఊదేశాడు.

శేషఫణి మీట నొక్కాడు. మేడం వచ్చి, "లోపల ఎవరూ లేరు కదా?" అంది.

"సున్నా మేడం. చూడండి."

ఆమె నన్ను చూసింది. గుహను చూడలేదు. కాగితం మీద గీత పెట్టుకుంది. గుహ తలుపుకు తాళం పడింది.

పొద్దున్నే ఓబులేసు అందరికంటే ముందు లోపలికి పరిగెత్తాడు. నీటిగుంట పక్కన, గోడకు ఆనుకుని గంగులమ్మ దొరికింది. ఒళ్లు చల్లబడిపోయి ఉంది. అలసి కూర్చున్నట్టుంది. కదలలేదని దీపాలు ఆరిపోయాయి; తాళం వేశాక కరెంటే తీసేశారు గనక తర్వాత కదిలినా వెలగలేదు. తడుముకుంటూ తిరిగిన అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

గేటు లెక్క తప్పిందని రాశారు. మార్కులు మాత్రం తగ్గలేదు. పట్నంవాళ్లిచ్చిన ఫలకం ఇప్పటికీ ఆఫీసు గోడకు ఉంది. నన్ను ఊడబెరికి వెనక కొట్టంలో పడేశారు.

ఓబులేసు తనే పని మానేశాడు. కానీ మూసే వేళకు రోజూ కొట్టంలోకి వస్తాడు. నా పక్కన ఒక చింతగింజ పెడతాడు. నా చెయ్యి పట్టుకుని బయటి వైపుకు ఒక్కసారి తిప్పుతాడు.

"రా అక్కా. మూసేస్తాండా," అంటాడు.

టక్కుమని తిరుగుతాను. కానీ కరెంటు లేదు. చెయ్యి తిరుగుతుంది, లెక్క తిరగదు. పలక మీది సున్నా వాళ్లది. నాలో ఆ ఒకటి అలాగే ఉంది.

ఇనుము మరిచిపోదు గదా అని అడిగింది. మరిచిపోలేదు తల్లీ.