ఎడమ చెవికి చుక్క లేదు

భూపాల్‌కు చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. లోపమంతా లోకానిదే. శోభ గొణుగుతుంది, టీవీవాడు గొణుగుతాడు, వంటింట్లో కుక్కర్ కూడా ఈమధ్య సిగ్గుపడుతూ కూస్తోందట. ఇలాంటి మేనబావను ఏరికోరి చేసుకున్నందుకు శోభ తన డిగ్రీ పట్టాను అప్పుడప్పుడు అనుమానంగా చూసుకునేది.

ఆ నవ్వులాట ఒక మధ్యాహ్నం ఆగిపోయింది. బొగ్గుబాయిలో భూపాల్‌కు జోడీగా పనిచేసే ఎల్లేశం షిఫ్టు దిగి నేరుగా వాళ్ల క్వార్టరుకు వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. బోలు చప్పుడొస్తే పక్కకు తప్పుకోవాలి.

"చెల్లే, కప్పు బోలుగ మోగింది. జరుగు జరుగుమని మొత్తుకున్న. కదలలే. నేనే గుంజిన. గుంజుడే ఆలస్యం, పెళ్ల కూలింది."

"నువ్వు మొత్తుకోనే లేదు. మొత్తుకుంటే నాకు వినవడదా?" అన్నాడు వెనకే వచ్చిన భూపాల్.

ఎల్లేశం చాయ్ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు.

"ఆ చెవులతోని బాయిల దిగుడు బంద్, బావా. సెలవు పెట్టు," అంది శోభ.

"ఏందే, నువ్వు మేనేజర్‌వా?"

"ఇంట్ల నేనే మేనేజర్‌ను."

అత్త సారక్క వెల్లుల్లి వేసి కాచిన నూనె గరిటెతో వచ్చింది, కొడుకు చెవిలో పోద్దామని. శోభ దాన్ని మర్యాదగా అందుకుని పప్పుకు పోపు పెట్టింది. మెడికల్ షాపు నుంచి గులిమిని మెత్తబరిచే చుక్కల మందు తెచ్చి, అక్కడి వాళ్లు తనను అడిగినవే మొగుణ్ని అడిగింది.

"నొప్పున్నదా? చీము గిట్ల కారిందా? ఎన్నడన్న చెవి పొరకు చిల్లు పడ్డదా?"

"లేదు, లేదు, లేదు." ప్రశ్న పూర్తికాకముందే జవాబులు వచ్చేశాయి. అంత చురుగ్గా వినిపించినప్పుడే అనుమానించాల్సింది.

సీసాను అరచేతుల్లో వెచ్చజేసి, కుడి చెవి పైకి వచ్చేలా పడుకోబెట్టి, సీసా మొన తగలకుండా మందుతో వచ్చిన కాగితం మీద రాసినన్ని చుక్కలే వేసింది.

"చిటపటమంటున్నదే!"

"కదలకు. మందు పనిజేస్తున్నది."

మర్నాటికి గులిమి ఉబ్బి చెవి మరింత బిగుసుకుపోయింది. ఉన్న వినికిడీ పోగొట్టావని తిడుతూ భూపాల్ చెవిలో పొడుచుకోవడానికి బండి తాళం అందుకున్నాడు. శోభ దాన్ని లాక్కుని కొంగున ముడేసింది.

"పుల్ల గూడ పెట్టద్దు. ఇంక లోపలికి నూకుతది. ఓపికపట్టు."

ఇంకో రెండు పూటలు వేశాక బొగ్గుపొడి కలిసిన నల్లటి ముద్ద జారిపడింది. పక్క క్వార్టర్లో పసిబిడ్డ ఏడుపు వినపడి భూపాల్ పొంగిపోయాడు.

"జల్ది ఎడమదాంట్ల గూడ పొయ్యి. రేపు డ్యూటీకి పోత."

పక్కకు తిరిగి పడుకున్న కొడుకును చూసి సారక్క, "ఆ చెవా? చిన్నప్పుడు చీము కారి కారి చిల్లు పడ్డదన్నరు గదరా!" అంది.

శోభ సీసా మూత బిగించింది.

"చిల్లున్న చెవిల చుక్క పడద్దు. దవాఖానకు నడువు."

"ఎప్పటి ముచ్చటనే! పూడుకపోయి ఉంటది. ఇటియ్యి, నేనే పోసుకుంట."

"ఇయ్య."

భూపాల్ గొంతు తగ్గింది. "అన్‌ఫిట్ అని రాస్తే?"

అదీ అసలు భయం. శోభకు ముందు కోపం వచ్చింది, తర్వాత జాలి వేసింది. సీసా మాత్రం ఇవ్వలేదు.

"రాస్తే పైన పనిజేస్తవు. పెళ్ల మీద పడితే ఏ పనీ చెయ్యవు."

దవాఖానలో డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది. చిల్లు అలాగే ఉంది. మందు పోసి ఉంటే లోపలికి దిగి నొప్పి, కళ్లు తిరగడం పట్టుకునేవంది. నీళ్లు కూడా తగలనివ్వొద్దని, చెవుల డాక్టరు చూసేదాకా గనిలోకి దిగొద్దని రాసిచ్చింది.

తిరుగుదారిలో భూపాల్ బండిని ఇంటివైపు తిప్పబోయాడు.

"ఎల్లేశమన్న ఇంటికి," అంది శోభ, సరిగ్గా కుడి చెవి దగ్గర. వినపడలేదనే వీలు లేకపోయింది.

ఎల్లేశం వాకిట్లో సైకిల్ తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. భూపాల్ దగ్గాడు, శోభవైపు చూశాడు. శోభ ఆకాశాన్ని పరిశీలించడంలో మునిగిపోయింది.

"అన్నా, ఆనాడు నువ్వు మొత్తుకున్నవు. నాకే వినవడలే. ఈ చెవికి చిల్లున్నదని దాచిన. తప్పు..." అని, చివరి ముక్క నోట్లోనే నమిలాడు.

ఎల్లేశం చేతిని చెవి వెనక పెట్టుకున్నాడు. "ఏందీ? ఏమన్నవు?"

"తప్పు నాదే అన్న!" లైనులోని క్వార్టర్లన్నిటికీ వినపడేలా అరిచాడు భూపాల్.