గుండెల నిండా పీల్చమన్నాను

ఈసీజీ గదిలో నేను కొత్తగా చేరిన రోజులవి. పచ్చ కర్టెను, స్పిరిట్ వాసన, ఛాతీ మీద జెల్ రాయగానే "అబ్బ, చల్లగా ఉందండీ" అనే పేషెంట్లు. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది. అక్కడ నన్నందరూ వసపిట్ట అనేవాళ్ళు. ఊరికే అనలేదు లెండి.

ఒకరోజు క్రేన్ డ్రైవరుగా ఎంపికైన కుర్రాడొకడు వచ్చాడు. ఈ పరీక్ష ఒక్కటీ గట్టెక్కితే మర్నాడే ఉద్యోగంలో చేరొచ్చు. పాపం, బల్ల మీద కొయ్యబారిపోయాడు.

"భయమెందుకండీ? గుండెల నిండా పీల్చి మెల్లగా వదలండి. అలా చేస్తూనే ఉండండి," అన్నాను. బుద్ధిమంతుడు, మిషను ఆపేదాకా అలాగే చేశాడు.

డాక్టరుగారు కాగితం చూసి, గుండె లయ సరిగా లేదు, ఎత్తు మీద పని వద్దు అని రాసేశారు. అతను చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి, నాకు పని నేర్పిన మా హెడ్డమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. గీతలు కాసేపు దగ్గరవుతున్నాయి, కాసేపు దూరమవుతున్నాయి, మళ్ళీ దగ్గరవుతున్నాయి.

"ఈ అబ్బాయికి నువ్వేం చెప్పావే?"

చెప్పాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. పీలిస్తే గుండె జోరందుకుంటుంది, వదిలితే నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకి అది మామూలే. గుండెల నిండా పీల్పించి నువ్వు గోరంత ఉన్నదాన్ని కొండంత చేశావు. పరిగెత్తు."

బస్టాపులో దొరికాడు. తీసుకొచ్చి, కాసేపు పడుకోబెట్టి, ఈసారి నోరు కుట్టేసుకుని నిలబడ్డాను. అతను మామూలుగా ఊపిరి తీశాడు. గీతలు దాదాపు సమంగా వచ్చాయి. హెడ్డమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి జరిగింది చెప్పింది. డాక్టరుగారు మొదట రాసింది కొట్టేసి, పనికి తగినవాడని సంతకం పెట్టారు.

కుర్రాడి మొహం మాత్రం తేటపడలేదు.

"మా నాన్నకి ఫోన్ చేసి చెప్పేశానండీ, నా గుండె బాగాలేదని."

వాళ్ళ నాన్న పనిచేసే మిల్లుకి ఆఫీసు ఫోన్లో నేనే నంబరు తిప్పాను. ఎవరో ఆయన్ని పిలుచుకొచ్చారు.

"బాబాయిగారూ, మీవాడి గుండె నిక్షేపంగా ఉంది. తప్పంతా నాది."

తిడతాడనుకున్నాను. తిడితే పడేదాన్ని కూడా. ఆయన అడిగింది ఒక్కటే.

"వాడు పొద్దుట్నించీ ఏం తినలేదమ్మా. కాస్త ఏదన్నా పెట్టి పంపు తల్లీ."

నా క్యారేజీ విప్పి అతని ముందు పెట్టాను. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని ఏడ్చేశాను. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది అతనే.