అల్లుడి వెనక చక్రం

వెనక చక్రాన్ని జానెడు పైకి లేపి, టైరు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. కడక్ కడక్ అంది. నిన్నా అలాగే అంది. అయినా రాత్రికి రాత్రి ఎవరో వచ్చి ఇంకాస్త వదులు చేసి పోయారేమోనని మరోసారి ఊపాడు. తర్వాత గొలుసును బొటనవేలితో నొక్కాడు. చువ్వల్ని రెండేసి చొప్పున గుప్పిట్లోకి తీసుకుని పిండాడు. హ్యాండిల్ బిగింపు, సీటు బిగింపు, ముందు బ్రేకు తీగ. ముందు గదిలో ఉన్న కాస్త చోటునీ సైకిలే ఆక్రమించింది. పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి రావాలన్నా పక్కకి తిరిగి నడవాలి.

కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు అదంతా చూడనట్టు చూస్తోంది.

"ఇంకా అరువు చక్రమేనా అల్లుడుగారూ?"

"ఊఁ."

"ఎప్పుడు కొంటారు మరి?"

"చూడాలి."

"ఇవాళ చూడకూడదా?"

అతను పాంటు అంచుకి రబ్బరుపట్టీ వేసుకుంటూ ఓరకంట ఆవిడ వైపు చూశాడు. సైకిలు పేరెత్తితే ముఖం చిట్లించే మనిషి, ఈ వారమంతా చక్రం చక్రం అంటోంది. దీని వెనక ఏదో ఉంది. ఉద్యోగం మానిపించే ఎత్తా? లేక ఈ సైకిలు అమ్మించేసి గదిలో మంచం వేయించుకోవాలనా?

తోటి కొరియర్లు అతన్ని అనుమానప్పక్షి అనేవాళ్ళు. పిలవడానికి పొడుగవుతుందని పక్షి అని కుదించారు. ఆ పేరు పెట్టిందెవరో కనుక్కోవాలని అతను చాన్నాళ్ళు ప్రయత్నించాడు.

ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. ఆవిడ కూతురు, అతని భార్య, పోయి చాలా ఏళ్ళయింది. ఆస్పత్రి నుంచి ఇద్దరూ ఒకే టాక్సీలో, చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ ఇంటికి వచ్చారు. ఆవిడ ఎక్కడికి వెళ్తుందని అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కానీ ఆవిడ పెట్టె మాత్రం రెండేళ్ళపాటు సర్దినది సర్దినట్టే మంచం కింద ఉండేది. ఏ రోజు పొమ్మంటాడోనని ఆవిడకి, ఏ రోజు చెప్పకుండా పోతుందోనని అతనికి. అతను కొత్త చొక్కా కొంటే ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉండేది, ఇంకో పెళ్ళి చేసుకుంటున్నాడేమోనని. ఆవిడ పక్కింటామెతో గుసగుసగా మాట్లాడితే అతనికి అన్నం సహించేది కాదు. ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని 'గారు' లేకుండా పిలవలేదు. ఆ మర్యాద మీద కూడా అతనికి అనుమానమే.

అతని పని పళ్ళ అచ్చులు మోయడం. డెంటల్ క్లినిక్కుల్లో తీసిన అచ్చుల్ని కట్టుడుపళ్ళు చేసే ల్యాబుకి చేర్చాలి, అక్కడ తయారైన పళ్ళని తిరిగి క్లినిక్కులకి చేర్చాలి. వీపు మీది పెట్టెలో నురుగు గూళ్ళ మధ్య ఊరి జనం నోళ్ళన్నీ తెరుచుకుని ఉంటాయి. అత్తగారికి కట్టుడుపళ్ళు అక్కడే చేయించి తెస్తే ఆవిడ వారం రోజులు పెట్టుకోలేదు.

"ఎవరికో చేసినవి కావుకదా?" అని అడిగింది.

"మీ నోటి అచ్చుతోనే చేశారు అత్తయ్యా."

"అచ్చు మారిపోకుండా మీరు చూశారా?"

చూడలేదు. ఆ మాటకి అతను ల్యాబుకి వెళ్ళి మళ్ళీ అడిగొచ్చాడు కూడా.

సైకిలుకి ఫ్రీవీలు లేదు. పెడలు ఆగితే చక్రం ఆగుతుంది, చక్రం తిరిగితే పెడలు తిరిగి తీరాలి. కాలికీ రోడ్డుకీ మధ్య దళారి ఉండడు. తను తొక్కకుండా తనంతట తాను తిరిగే చక్రాన్ని నమ్మడం అతనివల్ల కాలేదు. అలాంటిది, నెలక్రితం ఆ చక్రమే మోసం చేసింది. గొలుసు తిరిగే వెనక పళ్ళచక్రం, చక్రం నడుమనుండే హబ్బు మీద మరలతో, అంటే మెలిక గాడులతో, బిగుసుకుని ఉంటుంది. ఫ్లైఓవరు దిగుతూ కాళ్ళతో వేగాన్ని అదుముతుంటే, అరిగిన మరలు ఒక్కసారిగా జారిపోయాయి. పెడళ్ళు గాలిలో తిరిగాయి. ముందు బ్రేకు సగం పట్టింది, మిగతా సగం రోడ్డు పక్క చెత్తకుండీ పట్టింది. పెట్టెలో ఒక్క పన్ను కూడా రాలలేదు కానీ మణికట్టు గుమ్మడికాయలా వాచింది. తోటి కొరియరు ఒకాయన తన పాత చక్రం అరువిచ్చాడు. వానకి జారిపడ్డానని ఇంట్లో చెప్పాడు.

ఆవిడ కిటికీలోంచి పొడి రోడ్డుని చూసి, "వానా?" అంది. అంతే. కాపడం పెట్టడానికి నీళ్ళు కాచింది.

ఇవాళ మధ్యాహ్నం వరకు చేతులు ఖాళీ లేవు. మూడు క్లినిక్కులు, రెండుసార్లు ల్యాబు, మధ్యలో ఒక రొట్టె, టీ. టీ పోసేవాడు చిల్లర ఇస్తూ నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచిస్తూ ఒక వీధి దాటాడు. అరువు చక్రం ప్రతి గతుకుకీ మూలిగింది. ఫ్లైఓవరు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. దిగి నడిపించుకుంటూ వెళ్ళాడు. కిందికి వచ్చాక చెమట తుడుచుకుని, ఇక లాభం లేదని రిమ్మక్క షాపు వైపు తిప్పాడు.

రైల్వే గోడకి ఆనుకుని ఉన్న పొడుగాటి గది అది. పైకప్పు నుంచి రిమ్ములు వేలాడుతుంటాయి. ఆ గదిలో చక్రాలు తప్ప ఇంకేమీ అమ్మరు. యజమానురాలిని అందరూ రిమ్మక్క అంటారు. యాభై దాటిన మనిషి, నోట్లో ఎప్పుడూ చువ్వలకి బిగించే చిన్న నట్టు ఒకటి ఉంటుంది. అతను ఆ షాపుకి ఏడాదికో రెండేళ్ళకో వస్తాడు. ఏమీ కొనకుండా పోతాడు.

"రండి రండి. ఇంట్లో పెద్దావిడ బాగున్నారా?" అంది.

అతను ఆగిపోయాడు. ఇంట్లో పెద్దావిడ ఉందని ఈమెకి ఎప్పుడు చెప్పాడు?

"బాగానే ఉంది. వెనక చక్రం కావాలి. హబ్బుతో సహా. మళ్ళీ మళ్ళీ మార్చే ఓపిక లేదు."

రిమ్మక్క ముందు ఒక మెరిసే చక్రం దించింది. ఎర్రటి వెడల్పాటి రిమ్ము, చువ్వలు తక్కువ. గాలిని కోసుకుంటూ పోతుందట.

"గాలిని కోస్తుంది సరే, గోతిలో పడితే?" అన్నాడు. ఇన్ని తక్కువ చువ్వల్లో ఒకటి తెగితే మిగతావాటి మీద పడే భారం అతనికి అప్పుడే వీపులో తెలిసింది. పక్కన పెట్టాడు.

రెండోది వాడిన చక్రం, మంచి పేరున్న హబ్బు. వేళ్ళ మధ్య ఇరుసు పట్టుకుని చెవి దగ్గర తిప్పాడు. లోపల ఇసుక నలిగినట్టు సన్నటి చప్పుడు. "ఎవరిది ఇది? ఎందుకు అమ్మాడు?" అన్నాడు.

"ఊరు మారిపోయాడు."

"చక్రం వదిలేసి ఊరు మారతాడా?" అని అదీ పక్కన పెట్టాడు.

అప్పుడు కనిపించింది, మూలన గోడకి చేరేసి ఉన్న బూడిదరంగు చక్రం. మెరుపు లేదు, మీద బొమ్మలూ అక్షరాలూ లేవు. అతను అటు ఒక అడుగు వేశాడు.

"అది మీకొద్దులెండి," అంది రిమ్మక్క వెంటనే. "అది బరువు. చూడ్డానికే ముసలి చక్రంలా ఉంటుంది. నా దగ్గరున్న వాటిలో అదే బాగాలేదు."

అతను తల తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చువ్వల నట్టు కోసం జేబులు తడుముకుంటోంది. అది నోట్లోనే ఉంది. ఎవరైనా సొంత సరుకుని తిడతారా? ఎవరో ఆమెకి కావలసినవాడి కోసం దాచిపెట్టింది!

చక్రాన్ని వెలుతురులోకి తెచ్చాడు. ముప్పై ఆరు చువ్వలు. అన్నిటినీ గుప్పిట పిండాడు, అన్నీ ఒకేలా బిగువుగా ఉన్నాయి. రిమ్ము లోపల రెండు గోడలు. బేరింగులు మూతవేసినవి, వాననీళ్ళు చొరబడవు. ఇరుసు లావుపాటి ఉక్కుది, రెండు కొసలా పెద్ద నట్లు. మరల మీద గోరు పెట్టి లాగాడు. గోరు ప్రతి గాడిలోనూ లోతుగా దిగి ఆగింది. పాత హబ్బులో గోరు జారిపోయేది. పళ్ళచక్రాన్ని ఊడకుండా పట్టుకునే రింగుకి వేరే మరలున్నాయి, అవి ఎదురు దిక్కుకి బిగుసుకునేవి. తిప్పి వదిలాడు. చప్పుడు లేదు. చాలాసేపటికి, ఆగాలా వద్దా అని ఆలోచించుకున్నట్టు ఆగింది.

"బాగాలేకపోతే ఎందుకు పెట్టుకున్నారు?"

"ఏం చేస్తాం, వచ్చిపడింది." ఆమె గోడ వైపు తిరిగింది. భుజాలు కొంచెం కదిలాయి.

"నాకు ఇదే కావాలి."

"ఆలోచించుకోండి. తర్వాత నన్ననొద్దు."

"ఇదే. నా కళ్ళముందే బిగించండి. మరలకి గ్రీజు రాయడం మర్చిపోకండి."

ఆమె రాసింది, బిగించింది, అతను పక్కన గొంతుక్కూర్చుని ప్రతి తిప్పూ చూశాడు. పాత పళ్ళచక్రమే ఎక్కించింది. అరువు చక్రాన్ని విప్పి, యజమాని వచ్చి పట్టుకుపోతాడని మూలన పెట్టింది. దాన్ని ఎక్కడ మార్చేస్తుందోనని అతను దాని టైరు మీద సుద్దతో ఒక గీత గీశాడు.

సాయంత్రం ఫ్లైఓవరు మీదుగానే ఇంటికి వచ్చాడు. పైన ఒక్క క్షణం ఆగి కిందికి చూసి, దిగాడు. సగం దాకా కాళ్ళతో ఆపుతూ వచ్చాడు. చక్రం అతని కాళ్ళ మాట విన్నది.

ఇంకా వెలుతురుంది. అత్తగారు కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. కాళ్ళ మీద దుప్పటి.

"కొన్నారా?"

"కొన్నాను."

"ఏదీ, ఎత్తి చూపించండి."

చూపించాడు. ఆవిడ మెడ ముందుకు చాపి చాలాసేపు చూసింది. "ఎర్రది కాదుగా," అంది తనలో తాను. తర్వాత, "ఆవిడ ఏమంది?"

"ఆవిడ అని మీకెలా తెలుసు?"

"షాపన్నాక ఆవిడో ఆయనో ఎవరో ఒకరుంటారుగా."

రిమ్మక్క అడిగిన కుశలం, ఇప్పుడీ ప్రశ్న, ఈ వారమంతా సాగిన చక్రం పోరు, మూడూ కలిపి చూసుకున్నాడు. అప్పుడు వెన్నులో చల్లగా ఒక ఆలోచన పాకింది. పెళ్ళి! అత్తగారు తనకి సంబంధం చూస్తోంది. రిమ్మక్కతో! చెవులు వేడెక్కాయి. రేపు నిలదీసి అడగాలనుకున్నాడు.

సైకిలుని తలకిందులుగా నిలబెట్టి గొలుసు బిగువు సరిచూసుకుంటూ కూర్చున్నాడు.

"గట్టిదేనా అల్లుడుగారూ?"

"గట్టిదే."

"మళ్ళీ వానకి జారదుగా?"

అతను తల ఎత్తలేదు. "జారదు అత్తయ్యా," అన్నాడు. ఆవిడ "సరే" అంది. కుర్చీ ఒకసారి కిర్రుమంది.

నట్లు బిగించి, పెడలు చేత్తో తిప్పాడు. చక్రం తిరిగింది. గదిలో గాలి కదిలింది కానీ చప్పుడు కాలేదు.

"విన్నారా? చప్పుడే లేదు," అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర నటిస్తూ మాటలు వినడం ఆవిడకి అలవాటే. అతను ఇంకాసేపు గొలుసుకి నూనె రాశాడు, గుడ్డతో తుడిచి, పెడలు మళ్ళీ తిప్పి వదిలాడు. "సంగతి నాకు అర్థమైందిలెండి," అన్నాడు, ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరుస్తుందని. తెరవలేదు. లేచి వెళ్ళి దగ్గరగా నిలబడ్డాడు. దుప్పటి పైకీ కిందికీ కదులుతోందా అని చూశాడు. నమ్మలేక, కూర్చుని ఆవిడ మణికట్టు పట్టుకుని మళ్ళీ చూశాడు. వెనక చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

డాక్టరు వచ్చాడు, గుండె అన్నాడు, నిద్రలోనే పోయిందన్నాడు. కచ్చితంగానా అని అతను అడిగాడు. కచ్చితంగా అన్నాడు డాక్టరు. మర్నాడు ఆవిడ తమ్ముడు వచ్చాడు, పక్కింటామె వచ్చింది, కొరియర్లు వచ్చి గుమ్మం దగ్గర హెల్మెట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అన్నీ అయిపోయి, అందరూ వెళ్ళాక, సాయంత్రం రిమ్మక్క వచ్చింది. కుర్చీలో కూర్చోబోయి, అది ఎవరిదో తెలిసినట్టు, గోడవారగా నిలబడిపోయింది.

"మొన్న మధ్యాహ్నం మా షాపుకి వచ్చారండీ," అంది.

"మా అత్తయ్యా? ఆవిడ వీధి మలుపు దాటదు. మోకాళ్ళు."

"బస్సు దిగి అడుక్కుంటూ వచ్చారు. అరువిచ్చినాయన చెప్పాడట మా షాపు సంగతి. మీరు ఫ్లైఓవరు మీద పడ్డారని కూడా ఆయనే చెప్పాడట. వచ్చి కూర్చుని, ముందు పాడైపోయిన హబ్బులు చూపించమన్నారు. పాడైనవెందుకమ్మా అంటే, బాగున్నవి అందరూ చూపిస్తారు, అన్నారు. ఒక్కొక్కటి చేత్తో తిప్పి, ఇది ఎందుకు పోయింది, ఇది ఎందుకు పోయింది అని అడిగారు. చివరికి ఆ బూడిదరంగు దాని మీద చెయ్యి పెట్టారు."

అతను వంగి వెనక టైరుని బొటనవేలితో నొక్కాడు.

"మావాడు అనుమానం మనిషి, మంచిదంటే కొనడు. బాగాలేదని చెప్పు తల్లీ, అన్నారు. నాకు అబద్ధం రాదమ్మా అంటే, రాకపోతే ఇంకా మంచిది, అన్నారు."

"మావాడు అందా?" అన్నాడు అతను.

"ఆఁ. మావాడు అనే అన్నారు."

"అల్లుడుగారు అనలేదూ?"

"లేదండీ."

ఆమె ముఖంలో ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాడు. ఏమీ దొరకలేదు. ఆమె సైకిలు వైపు ఒకసారి చూసి, వెళ్తానని చెప్పి వెళ్ళిపోయింది. అతను గుమ్మం దాకా వెళ్ళాడు, థాంక్స్ చెప్పాలని ఆమె మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

మబ్బు పడుతోంది. ఆరేసిన బట్టలు రెండు రోజులుగా ఎవరూ తీయలేదు. వెనక వరండాలోకి వెళ్ళి తన చొక్కాలు ఒక్కొక్కటే భుజాన వేసుకుంటూ తీగ చివరిదాకా నడిచాడు. అక్కడ, రెండు క్లిప్పుల మధ్య, అత్తగారి చేతిరుమాలు ఆరుతోంది. రుద్దీ రుద్దీ అంచులు నలిగిపోయాయి, మధ్యలో నాలుగు వేళ్ళ గ్రీజు మరక మాత్రం అలాగే ఉంది.