నడిమిట్ల కోడలు

మా మేడమీది గదిలో అద్దెకున్న రాజలింగు దేవుణ్ణి నమ్మడు గాని పొంగలిని నమ్ముతాడు. ప్రతి శనివారం వేంకటేశ్వరస్వామికి చక్కెర పొంగలి నైవేద్యం పెట్టడం కడపలో మా ఇంటి అలవాటు. హైదరాబాదులో తార్నాకకు వచ్చినా మానలేదు. హారతి గంట మోగితే చాలు, అతను మెట్లు దిగేవాడు. జమ్మికుంట వైపు కుర్రవాడు. యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం ఎమ్మే పూర్తిచేశాడు.

ఒక శనివారం అతను తింటూ ఒక సంగతి చెప్పాడు. ఎక్కడో దూరదేశంలో రోజూ గంట కొట్టి కుక్కకు తిండి పెట్టేవారట. కొన్నాళ్ళకు తిండి లేకపోయినా గంట వినగానే దాని నోట్లో నీళ్ళూరేవట. మనిషి స్వభావం కూడా అలవాటుతోనే తయారవుతుందని కొందరు పండితుల వాదమట.

"తెలుస్తానే ఉంది నాయనా," అంది మా ఆవిడ గౌరమ్మ, ఇంకో గరిటె వడ్డిస్తూ.

ఆ సోమవారమే అతనికి ఇంటర్వ్యూ. ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. పాఠం తెలుగులో చెప్పి చూపించాలి. స్కాలర్‌షిప్పు అయిపోయింది కనుక ఈ ఉద్యోగం రాకపోతే గది ఖాళీ చేసి ఊరికి పోవలసిందే. చదివిందంతా ఇంగ్లీషులో. అందుకని మా ఇద్దరినీ విద్యార్థుల్లా చాప మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"మనిషి మనసుల మూడు భాగాలు. అచిత్తు, అహం, అధ్యహం. అహం ఎంత బలంగుంటే మనిషి అంత మంచిగుంటడు."

నేను చాప మీదినుంచి సగం లేచాను. "అదేమి రాజలింగూ! అహంకారం తీసెయ్యమని నేను ఇన్నేళ్ళుగా స్వామిని అడుక్కుంటా ఉంటే, నువ్వు బలంగా ఉండాలంటావు?"

"ఆయన అడుగుతానే ఉంటాడు, అది పోయేది లేదు," అంది గౌరమ్మ. "బలంగానే ఉంది, నువ్వేం దిగులుపడాకు."

రాజలింగు తల గోక్కున్నాడు. "గా అహంకారం కాదు సార్. ఇంగ్లీషుల దాన్ని ఇగో అంటరు."

"నువ్వు పొద్దస్తమానం అనేదే గదా," అంది గౌరమ్మ. "ఇగో అమ్మా చెంబు, ఇగో సార్ పేపరు."

"అది వేరే ఇగో అమ్మా. మా దిక్కు 'ఇదిగో' అననీకి గట్లంటం." నవ్వాపుకుని మళ్ళీ చెప్పాడు. "అచిత్తు ఏది కండ్లబడితే అది ఇప్పుడే కావాలంటది. అధ్యహం తప్పు, తప్పు అంటది. అహం నడిమిట్లుండి ఇద్దరినీ సముదాయిస్తది."

"ఓస్, కోడలు," అంది గౌరమ్మ. "నైవేద్యం కాకముందే పిల్లోడు పొంగలి కావాలని ఏడుస్తాడు. ముట్టుకుంటే పాపమని అత్త అరుస్తుంది. కోడలు వాని చేతిలో బెల్లంముక్క పెట్టి, అత్త చేతికి గంట ఇస్తుంది."

రాజలింగు కళ్ళు మెరిశాయి. నేను ఒప్పుకోలేదు. "పాఠంలో వంటింటి మాటలేమిటి? ఇంటర్వ్యూ బోర్డులో పెద్దలుంటారు. గంభీరంగా చెప్పాల. ఆ ఇగోలు గిగోలు నోట రానీకు." అతను బుద్ధిగా తల ఊపాడు.

ఆ కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూ యూనివర్సిటీలోనే పెట్టారు, నేను పనిచేసే పరీక్షల ఆఫీసుకు దగ్గరి గదిలో. భోజనాల వేళ వెళ్ళి వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. రాజలింగు ఇస్త్రీ చొక్కాతో, నేను నేర్పిన గాంభీర్యంతో నిలబడి ఉన్నాడు.

"బలిష్ఠమైన అహము మానసిక ఆరోగ్యమునకు లక్షణము."

బోర్డులో నామం పెట్టుకున్న పెద్దాయన పక్కవాళ్ళను చూశాడు. "అట్లయితే ఈ గదిలో అందరం ఆరోగ్యంగానే ఉన్నట్టు."

అందరూ నవ్వారు. రాజలింగు చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. తప్పు నా సలహాదే. కిటికీలోంచి ఏమి చెప్పను? అతను ఒకసారి నా వైపు చూసి, చాక్‌పీసు కింద పెట్టాడు.

"ఇగో సార్, ఒక ఇల్లుంది. దాంట్ల ఒక పిల్లగాడు, ఒక అత్త, నడిమిట్ల ఒక కోడలు."

మళ్ళీ నవ్వారు గాని, ఈసారి కుర్చీలు ముందుకు జరిగాయి. బెల్లంముక్క దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "మరి కోడలు పుట్టింటికి పోతే?" అని అడిగాడు.

"అప్పుడే మా శాస్త్రం అవసరమైతది సార్."

ఆ వారమంతా ఏ కబురూ రాలేదు. శనివారం గంట కొట్టాను. మెట్ల మీద చప్పుడు లేదు. గౌరమ్మ హారతి కళ్ళకద్దుకోకుండా మెట్ల వైపే చూస్తోంది. నేను రోజూలాగే "అహంకారం తీసెయ్యి స్వామీ" అనబోయి ఆగాను. తీసేస్తే మరి నడుమ ఎవరుంటారు? ఎంత తీయాలో ఆయనకే తెలుసునని వదిలేశాను.

అప్పుడు గేటు దగ్గర సైకిలు ఆగింది. రాజలింగు చెమటతో లోపలికి వచ్చి ఒక కాగితం గౌరమ్మ ముందు చాపాడు. "ఇగో అమ్మా. ఆర్డరు."

గౌరమ్మ దాన్ని తీసుకుని స్వామి పాదాల దగ్గర పెట్టింది. "గంట వినపడలేదా నాయనా?"

"గల్లీ మొదట్లనే ఇన్న. నోట్ల నీళ్ళు గూడ ఊరినయ్."

గౌరమ్మ నిండుగా వడ్డించిన గిన్నె అతని చేతిలో పెట్టి, అచ్చం అతని గొంతుతోనే అంది. "ఇగో."