కథలో నర్సింలు

బహ్రెయిన్‌లో నయీమ్ అనే పేటలో మా గదిలో సెలవు రోజు శుక్రవారం మధ్యాహ్నం కాలు పెట్టే చోటుండదు. అన్నాలు కాగానే బాలన్న పుస్తకం తీస్తాడు. ఎప్పుడో పాత పుస్తకాల కొట్లో కొన్నది, అట్ట ఊడిపోయింది. ఉక్రెయిన్ పల్లెల మీద రష్యన్‌లో రాసిన కథలకు తెలుగు. సంతలు, పందెం కట్టి తాగేవాళ్లు, మొగుళ్లను ఆడించే పెళ్లాలు, దయ్యాలు! రాసినాయన ఎవరో గానీ మహానుభావుడు. మంచు మొహమెరుగని మమ్మల్ని బహ్రెయిన్ ఎండల్లో కూర్చోబెట్టి వణికించాడు.

ఆ కథల్లో పేర్లు మాత్రం మా నోళ్లకు తిరగవు. అందుకని బాలన్న మా గదిలోవాళ్ల పేర్లే పెట్టి చదువుతాడు. నేను రెండుసార్లు దొంగనయ్యాను, ఒకసారి పూజారినయ్యాను. పూజారిగా బాగానే రాణించాను.

పోయిన వారం, సంతలో తాగి ఎద్దును పోగొట్టుకున్న వెర్రివాడికి నర్సింలు పేరు పడింది. వాడు మంచులో నడిచి ఇంటికొచ్చి తలుపు కొడితే పెళ్లాం తీయదు. వాడు గడప మీదే కూర్చుంటాడు, కథ అయిపోతుంది. మేం పడీపడీ నవ్వాం. నర్సింలు మాత్రం లేచి వెళ్లిపోయాడు.

ఆ పూట నుంచి మాతో తిండి లేదు, మాట లేదు. అసలు సంగతి అతని ఊరివాడు ముఖేష్ చెప్పాడు. నర్సింలు ఏటా ఊరికొస్తానని చెప్పి, ఓవర్‌టైంకు ఆశపడి ఆగిపోతున్నాడట. ఇప్పుడు భార్య శోభారాణి ఫోనే ఎత్తడం లేదట. పాపం, మాకేం తెలుసు!

ఈ శుక్రవారం బాలన్న బుద్ధిగా పుస్తకంలో ఉన్న పేర్లతోనే కొత్త కథ మొదలుపెట్టాడు. ప్రతి పేరు దగ్గరా తట్టుకుని పడ్డాడు. ఒక్కరూ నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్న నర్సింలు లేచి కూర్చున్నాడు.

"గా పేర్లు ఎవలకు సమజైతయే? నా పేరే వెట్టు బాలన్నా. పోయినసారి కథనే మల్ల సదువు. గని ఈసారి ఆమె తలుపు తియ్యాలె."

అతని గొంతు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క మాట మారిస్తే ఏం పోయింది అనిపించింది. బాలన్న మార్చలేదు.

"పేర్లంటే నావి గని, కథ నాది గాదు తమ్మీ," అన్నాడు మెల్లగా. "ఇంకో ముచ్చట చెప్త, కోపానికి రాకు. ఆ ఎర్రోడు నీకంటె నయం. మంచుల వడి ఇంటిదాంకనన్న పోయిండు. నువ్వు ఈడ కూసోనే తలుపు కొడ్తున్నవ్."

నర్సింలు మర్నాడు ఓవర్‌టైంకు పిలిస్తే వెళ్లలేదు. సెలవు అడగడానికి బుదైయాలో మాకు వీసాలిచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంటికి బస్సెక్కాడు.