కొస చూపించని కుట్టు

పొద్దున్నే కొట్టు తలుపు తీశాక అక్క మొదట చేసే పని బల్ల మీద దుప్పటి పరవడం. చెల్లి అల్లిన ముక్కల్ని తడిపి, సాపు చేసి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెడుతుంది. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు. అవి ఆరాక అతకాలి. అల్లేది చెల్లి, అతికేది అక్క. వీధిలో అందరూ ఆమెను అతుకులక్క అంటారు. అసలు పేరు ఎవరికైనా గుర్తున్నా వాడరు.

స్వెట్టర్ అల్లడం ఓపిక ఉంటే ఎవరికైనా వస్తుంది. అతకడం దగ్గరే చేతులెత్తేస్తారు. చలికాలమంతా కూర్చుని అల్లినదాన్ని చివర్లో ఒక పిచ్చి కుట్టుతో గోనెసంచి చేసి పెడతారు. అందుకని అక్క దగ్గరికి తెస్తారు. ఇంకో కారణం కూడా ఉంది. ఆమె అతికిన స్వెట్టర్‌ని మొదటిసారి ఏ ఇంట్లో తొడుక్కుంటే, కుట్టు ఉన్నంతకాలం ఆ మనిషి ఆ ఇంటిని వదిలిపోలేడు. ఊరు దాటబోతే కాళ్ళే వెనక్కి తీసుకొచ్చేస్తాయి. ఒంటి మీంచి తీసి పెట్టెలో దాచినా లాభం లేదు. కొళాయిలో నీళ్ళు ఏ వేళకి వస్తాయో తెలిసినట్టే ఇదీ వీధిలో అందరికీ తెలుసు.

అందుకే కొలతల కంటే ముందు అక్క ఒక మాట అడిగేది.

"విప్పుకునేలా కుట్టనా, విప్పకుండా కుట్టనా?"

"విప్పకుండానే కుట్టమ్మా" అంది బేకరీ ఆయన భార్య. "ఆయనకి కాలు ఒకచోట నిలవదు."

"అయితే వెనక కుట్టు వెయ్యాలి. గట్టిదే గానీ లావుగా వస్తుంది. పక్కల్లో గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోనీ. ఇన్నేళ్ళూ నాకు గుచ్చుకోలేదూ?"

పెళ్ళాలు వెనక కుట్టు అడిగేవాళ్ళు. ఎదిగిన పిల్లలున్న తల్లులు, కాస్త బుద్ధి ఉన్నవాళ్ళయితే, క్రోషా సూదితో వేసే గొలుసు కుట్టు అడిగేవాళ్ళు. దాని కొస పట్టి లాగితే కుట్టంతా జర్రున వచ్చేస్తుంది, అల్లిక చెక్కు చెదరదు, మనిషి వదులవుతాడు. మూడోది కనబడని కుట్టు. రెండు అంచుల్నీ పక్కపక్కన పెట్టి, అటో పోగు ఇటో పోగు సూదికి ఎక్కిస్తూ పోయి, దారం లాగితే అంచులు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అల్లిన ఊలుతోనే వేస్తే అతుకెక్కడో కనిపెట్టడం బ్రహ్మతరం కాదు. అక్కకి ఆ కుట్టంటే గర్వం. గర్వం మంచిదే, ఎదుటివాళ్ళ ఒంటి మీద కుట్టనంతవరకు.

అతుకు దొరక్క కత్తెర వేస్తే ఏమవుతుందో కూడా వీధికి తెలుసు. తాళాలు బాగుచేసే ఆయన ఒకసారి పెళ్ళాంతో గొడవపడి తన స్వెట్టర్ పక్క కత్తిరించాడు. కత్తెర కుట్టు మీద కాక అల్లిక మీద పడింది. వరసలు ఊడాయి. ఊడినంత మేర ఆయనలోనూ ఏదో ఊడింది. ఎంతో బాగా ఈల వేసేవాడు. ఆ రోజు నుంచి మూతి సున్నాలా పెట్టి గాలి ఊదుతాడు, అంతే. పాపం, ఆయన ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

కొట్టు వెనక గదిలోనే ఉండే ఆ అక్కాచెల్లెళ్ళకి ఇంకెవరూ లేరు. అమ్మ జబ్బుతో పోయింది. నాన్న బజార్లో కొన్న స్వెట్టర్ వేసుకుని ఒకరోజు బయటికెళ్ళి, మళ్ళీ రాలేదు. అప్పటికి అక్క కూడా పిల్లే. చెల్లి జడ వెయ్యడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, అన్నీ ఆ పిల్లే చేసింది. చెల్లికి మొదటి స్వెట్టర్ వెనక కుట్టుతో అతికింది. ఏటా పాతది విప్పి, ఊలు ఉతికి, పొడుగుకి తగ్గట్టు చెల్లి కొత్తది అల్లుకునేది, అక్క అతికేది. ఏటా వెనక కుట్టే. చెల్లి ఎప్పుడూ ఏమీ అనలేదు, ఆ సంవత్సరం దాకా.

"రేవు ఊళ్ళో అల్లికల కంపెనీ వాళ్ళు రమ్మన్నారక్కా" అంది బల్ల దగ్గర నిలబడి. "కొత్త నమూనాలు తయారుచేసే పని."

"ఇక్కడ పని లేదా?"

"ఉంది. ఇక్కడ ఎవరికి కావాల్సింది వాళ్ళకి అల్లుతాను. అక్కడైతే నాకు తోచింది అల్లొచ్చు." కొత్త ముక్కలు బల్ల మీద పెట్టి, "ఈసారి నాది గొలుసు కుట్టు వెయ్యి. కొస నా చేతికివ్వు" అంది.

"అలాగేలే" అంది అక్క.

పాతది విప్పేశాక, కొత్తది అతికేలోపు చెల్లి కాళ్ళకి ఏ బంధమూ లేదు. ఆ రోజుల్లోనే వెళ్ళిపోయి ఉండాల్సింది. కానీ అక్క చేతి స్వెట్టర్ లేకుండా అంత చలి ఊరికి ఎలా వెళ్ళడం అనుకుంది. ప్రేమున్నవాళ్ళు చేసే తెలివితక్కువ పని ఇలాగే ఉంటుంది.

మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు అక్క ముక్కలు ముందేసుకుంది. క్రోషా సూది తీసింది. రెండు లూపులు వేసి ఆగిపోయింది. ఖాళీ ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకి ఒకసారి తెలిసొచ్చింది. రెండోసారి తెలుసుకునే ధైర్యం లేకపోయింది. క్రోషా సూది పక్కన పెట్టి మొద్దు సూదిలోకి అదే ఊలు ఎక్కించి కనబడని కుట్టు మొదలుపెట్టింది. నూగు ఎక్కువున్న ఊలు అది, కుట్టు అందులో కలిసిపోతుంది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ అతకలేదు.

చెల్లి పెట్టె సర్దుకుని వచ్చింది.

"గొలుసేనా?"

"తొడుక్కో, బయట చలిగా ఉంది."

లోపలివైపు తిప్పి చూస్తే గొలుసు లేదని క్షణంలో తెలిసేది. తిప్పి చూడటమంటే అక్కని అనుమానించడమే. చెల్లి తొడుక్కుని, అక్క బుగ్గ మీద ముద్దు పెట్టి బస్టాండుకి వెళ్ళింది.

టీ వేళకి పెట్టెతో సహా తిరిగొచ్చింది. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిందట, రెండో కాలు ఇంటి వైపు తిరిగిపోయిందట. ఆ మాట చెప్పలేదు, చెప్పక్కర్లేదు. స్వెట్టర్ విప్పి, లోపలివైపు తిప్పి, కిటికీ దగ్గర నిలబడి చూసింది.

"కొస ఎక్కడ దాచావు?"

"నాకే కనబడటం లేదే."

అది నిజమే. వెతకలేదన్నది కూడా నిజమే.

"నేనేం తప్పు చేశానక్కా? నిన్ను వదిలేస్తానన్నానా? సెలవులకి వస్తానన్నాను కదా?"

చెల్లి బల్ల మీది కత్తెర అందుకుంది.

"ఆగవే, అల్లిక మీద పడుతుంది! వెలుతురులో పెట్టి నేను చూస్తాను, ఇలా ఇవ్వు."

"నువ్వు చూసింది చాలు."

కత్తెర అల్లిక మీదే పడింది. చంక కింద నుంచి ఒక వరస, దాని వెనకే ఇంకో వరస, అంచు దాకా ఊడుతూ పోయాయి. అక్క రెండు చేతులతో పట్టుకోబోయింది గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. ఊడటం ఆగాక చెల్లి తలెత్తింది. మొహంలో కోపం లేదు. అక్క ఆ కోపం కోసం వెతికింది.

"ఏమండీ" అంది చెల్లి, "ఇక్కణ్ణించి బస్టాండుకి ఎటు వెళ్ళాలి?"

అక్క దారి చెప్పింది. కుడివైపు వెళ్ళి, బేకరీ దాటాక ఎడమవైపు. వాకిట్లో ఉన్న పెట్టె చూపించి, అది మీదేనని కూడా చెప్పింది.

ఆ తర్వాత వీధిలో ఎవరూ చెల్లి గురించి అడగలేదు. ఊడిన స్వెట్టర్ బల్ల సొరుగులోనే ఉంది. అక్క దానికి అతుకు వెయ్యలేదు.

మరుసటి చలికాలం ఒక అమ్మాయి కొట్లోకి వచ్చింది. ఒళ్ళు కొంచెం చేసింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. సంచిలోంచి అల్లిన ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ ఊలు మీద మెలికల నమూనా, అక్క ఎప్పుడూ చూడనిది.

"కంపెనీకి ఊలు కొనడానికి ఈ ఊరొచ్చానండీ. ఇక్కడ బాగా అతుకుతారని బేకరీ ఆవిడ చెప్పింది. ఇది నా కోసం అల్లుకున్నాను."

"చాలా బాగుంది" అంది అక్క.

"నాకు తోచినట్టు అల్లాను. అతకడం మాత్రం నాకు రాదు. చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదనుకుంటా."

అక్క ముక్కల్ని సవరించింది. అలవాటు ప్రకారం అడగాల్సిన మాట అడగలేకపోయింది. వెనక కుట్టు వేసి, ఇక్కడే ఒకసారి తొడుక్కుని చూడమంటే చాలు. అక్కా అని పిలవకపోయినా వెనక గదిలో మనిషి అలికిడి ఉంటుంది. ఆ ఆశ ఆమెకి కలిగింది. కలగలేదంటే అబద్ధం. మొద్దు సూదిని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

చివరికి క్రోషా సూది తీసింది. ఆకుపచ్చ అల్లికకి ఎర్ర ఊలుతో, గుడ్డివాళ్ళు కూడా పట్టుకునేంత స్పష్టంగా గొలుసు కుట్టు వేసింది. కొస పొడుగ్గా వదిలి ఆ అమ్మాయి వేలికి అందించింది.

"ఇది లాగితే మొత్తం వచ్చేస్తుంది. మర్చిపోకండి. కత్తెర మాత్రం వెయ్యొద్దు."

"ఎర్ర రంగు లోపల కొట్టొచ్చినట్టు కనిపిస్తోందండీ" అని నవ్వింది ఆ అమ్మాయి. "పోనీలెండి, లోపలే కదా. ఉండండి, తొడుక్కుని చూస్తాను."

"ఇక్కడొద్దు" అంది అక్క.

"బయట బాగా చలిగా ఉందండీ."

"తెలుసు. అయినా మీ ఇంటికి వెళ్ళాకే తొడుక్కోండి."

ఆ అమ్మాయి ఇదేం మనిషి అన్నట్టు చూసి, స్వెట్టర్ మడిచి చంకలో పెట్టుకుని, వణుకుతూ మెట్లు దిగింది. దారి అడగలేదు. కుడివైపు వెళ్ళి, బేకరీ దాటాక ఎడమవైపు తిరిగింది.