చేతి ఆసరా లేకుండా

"నర్సు పదింటికి వస్తుంది, అమ్మని కాస్త తయారుచెయ్యి," అన్నాడు మా ఆయన, పేపరులోంచి తలెత్తకుండానే. అప్పటికే అత్తయ్యకి స్నానం చేయించి, బట్టలు మార్చి, జడ వేస్తున్నాను. మూడేళ్ళుగా రోజూ చేస్తున్నదే. దీనికోసమే బడిలో లెక్కల టీచరు ఉద్యోగం మానేశాను. "ఇంట్లో ఖాళీగా ఉండేదానివే కదా" అని ఆయన అన్నప్పుడల్లా, ఎవరికోసం ఉండిపోయానో గుర్తుచేసే ఓపిక కూడా ఉండదు నాకు.

నర్సు వచ్చింది. పెద్దవాళ్ళు ఎంత బలహీనపడ్డారో చూసి, ప్రభుత్వం ఇంటికి ఏ సాయం పంపాలో తేల్చే పరీక్షట. ఆవిడ అత్తయ్యని అడుగుతుంటే ఆయన జవాబులు చెబుతున్నాడు.

"స్నానం?"

"తనే చేస్తుంది."

"బట్టలు వేసుకోవడం?"

"అదీ తనే. మా అమ్మ గట్టి మనిషండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధమాడుతున్నందుకు కాదు, ఆయనకి నిజంగానే తెలియనందుకు. పొద్దున్నే తడిసిన దుప్పటి మాయమవుతుంది, అమ్మ శుభ్రంగా కుర్చీలో ప్రత్యక్షమవుతుంది. మధ్యలో ఒక మనిషి ఉందని ఆయన కంటికి ఎన్నడూ ఆనలేదు. నా చాకిరీ అంతా ఆవిడ ఆరోగ్యంగా చలామణి అయిపోతోంది.

"చేతి ఆసరా లేకుండా లేవండమ్మా," అంది నర్సు. నా చెయ్యి అలవాటుగా అత్తయ్య చంక కిందికి వెళ్ళింది.

"మీరు పట్టుకోకండి."

తీసేశాను. అత్తయ్య ముందుకి వంగింది, వణికింది, కూలబడింది. రెండోసారీ అంతే.

ఆయన నా వైపు తిరిగాడు. "పొద్దున సరిగ్గా తిండి పెట్టావా?"

నేను నోరు తెరిచేలోగా అత్తయ్యే అంది, "రోజూ ఇంతేరా. ఇది లేపితే లేస్తున్నాను." మా కోడలికి ఏం పనుందని చుట్టాలందరి దగ్గరా దెప్పిన మనిషే. తల వంచుకుని చెప్పింది.

నర్సు కలం ఆపింది. "మరి చూసుకునేదెవరని రాయను?"

"ఇంట్లో అందరం ఉన్నాం కదండీ," అన్నాడు ఆయన.

"నా మాత్రలు ఎన్నో చెప్పు చూద్దాం," అంది అత్తయ్య. ఆయన మాత్రల డబ్బా కోసం చుట్టూ చూశాడు.

టీచరు కావాలని వారం కిందట బడివాళ్ళు ఫోన్ చేశారు. కుదరదని చెప్పడానికి మనసొప్పక, ఆలోచించి చెబుతానన్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నేనే నర్సుకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఈ ఇంట్లో నేను లేననుకుని రాయండి," అన్నాను.